రెబ్కా సిస్టరు గోల పాటలు

రెబ్కా సిస్టరుకు ఇష్టమైన పాటలు వింటే మామూలు మనిషికి తలనొప్పి వస్తుంది. ఈ మాట మొదట అన్నది ఆమె భర్త దేవసహాయం. ఆయన ఆర్టీసీలో కండక్టరు. ఇరవయ్యేళ్లు బస్సు ఇంజను పక్కన నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషే ఆ మాట అన్నాడంటే ఆ పాటల సంగతి ఊహించుకోవచ్చు.

ముగ్గురో నలుగురో కుర్రాళ్లు ఏ కారు షెడ్డులోనో చేరి, గిటార్లకు కరెంటు తగిలించి, ఆ మోత పగిలి బొంగురుపోయేదాకా పెంచి పాడే పాటలవి. షెడ్డు పేరు మీదే వాటిని గారేజ్ పాటలన్నారు. తర్వాత వచ్చినవాటిలో కోపం ఎక్కువై పంక్ అయ్యాయి. ఇంకొన్నిటిలో గిటారు వంకర్లు తిరుగుతూ, నీళ్లలోంచి వినపడుతున్నట్టు సాగుతుంది. వాటిని సైకెడెలిక్ అంటారని రెబ్కాకు చాలా ఏళ్ల వరకూ తెలియదు. తెలియదు కాబట్టి తనే పేర్లు పెట్టుకుంది. మొదటివి గోల పాటలు, రెండోవి తిట్టు పాటలు, మూడోవి జ్వరం పాటలు.

ఆమె పుట్టింది పెదనందిపాడు దాపున ఒక పల్లెలో. నాన్న సంఘకాపరి. ఇంట్లో పాటంటే దేవుడి పాట, వాయిద్యమంటే రెండు మెట్లు పలకని పాత హార్మోనియం. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆమె చెవిన ఇంకో రకం సంగీతం పడిందంటే అది పెళ్లి ఊరేగింపు బ్యాండే. 1973లో నర్సింగు చదవడానికి రాయవేలూరు వెళ్లింది. హాస్టల్లో ఆమె గదిలో పడిన అమ్మాయి పేరు ఐబాన్. షిల్లాంగు నుంచి వచ్చింది. పొట్టిగా ఉండేది, మాట్లాడితే పక్క మంచం దాకా కూడా వినపడేది కాదు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరికీ వచ్చిన కాస్త ఇంగ్లీషునే చెరి సగం పంచుకుని కాలం గడిపారు.

ఐబాన్ పెట్టెలో బట్టలకంటే అడుగున ఒక చిన్న టేప్ రికార్డరు, ఆరు క్యాసెట్లు ఉండేవి. కలకత్తా ఓడరేవు దగ్గర వాళ్లన్న కొని ఇచ్చినవి. మొదటి నెల రెబ్కా వాటి జోలికి పోలేదు. ఒకరోజు వార్డులో ఆమె చూస్తుండగా ఒక ముసలాయన చనిపోయాడు. ఆమె కళ్లముందు చనిపోయిన మొదటి మనిషి. పైవాళ్లు చేతులు కడుక్కొని చార్టు రాయమన్నారు. రాసింది. దుప్పటి మార్చమన్నారు. మార్చింది. గదికి వచ్చి మంచం మీద కూర్చుంటే ఏడుపు రాలేదు. ఐబాన్ ఆమె మొహం చూసి, ఏమీ అడగకుండా ఒక క్యాసెట్టు పెట్టింది.

టేపు నలిగిపోయిందనుకుని రెబ్కా ఆపబోయింది. అది అంతే, ఆగు అని ఐబాన్ చెయ్యి పట్టుకుంది. పాట రెండున్నర నిమిషాలు కూడా లేదు. ఎవడో కుర్రవాడు గోడకు తల బాదుకుంటున్నట్టు ఒకే మాట అరుస్తున్నాడు. రెబ్కాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ పొద్దుట్నుంచీ తన గొంతులో అడ్డం పడి ఉన్నదాన్ని ఆ కుర్రవాడు తన తరఫున కక్కేసినట్టయింది. మళ్లీ పెట్టమంది. ఆ సాయంత్రం ఆరుసార్లు విన్నారు.

మూడేళ్ల తర్వాత ఇంటికి వచ్చేటప్పుడు ఐబాన్ రెండు క్యాసెట్లు ఇచ్చింది. జీతం రాగానే రెబ్కా చేసిన మొదటి పని ఒక టేప్ రికార్డరు కొనుక్కోవడం. నాన్నకు తెలియకుండా దొంగతనంగా వినడం ఇష్టంలేక ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన ఎదుటే పెట్టింది. ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని పాట అయ్యేదాకా విన్నాడు. తిడతాడేమోనని ఆమె ఎదురుచూసింది.

"ఎవరు తరుముతున్నారమ్మా వీళ్లని?" అని మాత్రం అడిగాడు. ఆయన మళ్లీ ఎప్పుడూ వినలేదు, వద్దనీ అనలేదు.

దేవసహాయంతో పెళ్లయింది. ఒంగోలుకు గంట దూరంలో, నల్లరేగడి మధ్యలో ఉన్న ఒక పట్నంలో సర్కారు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. షిల్లాంగు నుంచి ఏడాదికొక ఉత్తరం, దాంతో ఒక క్యాసెట్టు వచ్చేవి. క్యాసెట్టు వీపు మీద ఐబాన్ చీమల్లాంటి అక్షరాలతో పేర్లు రాసేది. రెబ్కా ఒక్కొక్క పాట గురించీ తిరిగి రాసేది. ఇది బాగుంది, ఇది ఊరికే అరిచారు, ఇందులో డ్రమ్ములవాడికి ఒంట్లో బాగాలేదనుకుంటా అని. వాళ్లిద్దరి మధ్యా కష్టసుఖాలు కూడా ఈ మాటల సందుల్లోంచే వెళ్లేవి.

1988లో వచ్చిన క్యాసెట్టు మీద పేర్లేమీ లేవు. ఉత్తరం కూడా నాలుగే వాక్యాలు. అన్న పోయాడు. నేను బాగానే ఉన్నాను. ఇవి కొత్త పాటలు. విని నిజం రాయి.

అప్పుడు రెబ్కా వాళ్లమ్మ పక్షవాతంతో మంచాన ఉంది. డ్యూటీకీ ఆ మంచానికీ మధ్య ఏడెనిమిది నెలలు ఎలా పోయాయో తెలియలేదు. అమ్మ పోయాక, ఒక మధ్యాహ్నం ఆ క్యాసెట్టు పెట్టి కూర్చుంది. ఉన్నవి మూడే పాటలు. పాడుతున్నది ఆడమనిషి. అంతవరకూ విన్న గోలంతా మగవాళ్లదే. ఈ గొంతు బొంగురుగా, గిటారు మోతను చీల్చుకుని వస్తోంది, దేన్నీ బతిమాలడం లేదు. రెబ్కా వెంటనే రెండు పేజీల ఉత్తరం రాసి పంపింది. ఆ చిరునామాలో ఎవరూ లేరని అది తిరిగొచ్చింది. తెలిసినవాళ్లను అడిగి ఇంకో రెండు ఉత్తరాలు రాసింది. జవాబు లేదు. అలా ఐబాన్ తప్పిపోయింది, మూడు పాటలు మిగిలాయి.

టేప్ రికార్డరును బతికించింది ఒంగోలులో రేడియోలు బాగుచేసే జాన్ బాషా. దేవసహాయం దాన్ని సంచీలో పెట్టి తన బస్సులోనే తీసుకెళ్లి ఇచ్చేవాడు. మొదటిసారి బాషా దాన్ని విప్పి, బెల్టు మార్చి, టేపు ఆనే హెడ్డు మార్చి, అయినా మోత పోక తల పట్టుకున్నాడు. చివరికి రెబ్కానే వెళ్లి, బాషా, పాటే అలా ఉంటుంది, రిపేరేమీ లేదు అని చెప్పాల్సి వచ్చింది. అతను కాసేపు నమ్మలేదు. తర్వాత నవ్వీ నవ్వీ, హెడ్డు డబ్బులు తీసుకోలేదు.

పత్తి పోయిన ఏడు వచ్చింది. 1997 చివర్లో మొదలై, 98 మొదటి నెలల్లో వార్డు నిండింది. మూడుసార్లు, ఆరుసార్లు, పదిసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. అదే డబ్బాలోది తాగి రైతులు ఆసుపత్రికి వస్తున్నారు. ట్రాక్టర్ల మీద, ఆటోల్లో, ఒకసారి మంచం మీద మోసుకుని తెచ్చారు. పొట్ట కడగడం, సూది మీద సూది ఇవ్వడం, కంటిపాప చూడడం. సూదిమందు ఎక్కాక వాళ్లు ఒళ్లు తెలియక గాలిలో ఏదో ఏరుతూ ఉండేవాళ్లు. పత్తి తీస్తున్నారని ఒక ఆయా అంది. ఆ మాట విన్నాక రెబ్కా ఆ చేతులవైపు చూడలేకపోయేది.

ఆమె అదివరకు వార్డులో పని చేస్తూ దేవుడి పాటలు సన్నగా పాడుకునేది. ఆ శీతాకాలంలో అవి నోటికి రాలేదు. నమ్మకం పోయి కాదు. ఆ పాటల్లో ఉన్న నిమ్మళం తనకు లేదు. మధ్యాహ్నం రెండింటికి, మగవాళ్ల వార్డు పక్కనే ఉన్న కట్లు కట్టే గదిలో తలుపు వారగా వేసి, అన్నం తింటూ, చిన్నగా పేరులేని క్యాసెట్టు వినేది. ఆ అరగంట లేకపోతే మిగతా డ్యూటీ చెయ్యలేననిపించేది.

బుల్లయ్య అనే కౌలు రైతు ఆ వార్డులో ఉండేవాడు. యాభై ఏళ్ల మనిషి. చావు తప్పింది గానీ నోరు పెగల్లేదు. తొమ్మిది రోజులుగా భార్య సుబ్బరావమ్మ క్యారేజీ తెచ్చి పక్కన కూర్చుని పిలిచినా పైకప్పు చూస్తూ ఉండేవాడు. గొంతుకేమైనా అయిందా అని డాక్టరు చూసి, ఏమీ లేదన్నాడు. పదో రోజు మధ్యాహ్నం అతను గోడ పట్టుకుని నడిచి వచ్చి ఆ గది తలుపు తోశాడు.

"ఏంటమ్మా అది?"

రెబ్కా కంగారుపడి ఆపే మీట నొక్కబోయింది. పాట అని చెప్పింది.

"ఎవరో ఆడమనిషి తిడతంటే పాటంటావేంది? ఎవుర్ని తిడతంది?"

"నాకూ తెలియదు. ఆ మాటలు అర్థం కావు."

బుల్లయ్య తలుపు దగ్గర స్టూలు మీద కూలబడ్డాడు. "ఇంకోసారి పెట్టమ్మా" అన్నాడు.

మర్నాడు కూడా వచ్చాడు. మూడో రోజు రెండో పాట నడుస్తుండగా అతనే అందుకున్నాడు. మొదట గొణిగాడు. తర్వాత గొంతు లేచింది. పురుగును తిట్టాడు. విత్తనాన్ని, మందు డబ్బాను, వాన కురవాల్సినప్పుడు కురవని ఆకాశాన్ని, చివరికి తనను తాను తిట్టుకున్నాడు. అవి రాయదగ్గ మాటలు కావు. వార్డంతా లేచి కూర్చుంది. అప్పుడే క్యారేజీతో వచ్చిన సుబ్బరావమ్మ గుమ్మంలో ఆగిపోయింది. రెబ్కా అతన్ని ఆపడానికి లేవబోతే ఆమె అడ్డం వచ్చింది.

"తిట్టనీ సిస్టరమ్మా. ఇన్ని రోజుల్నించీ ఈ మనిషి గొంతు వినలా."

తిట్టి తిట్టి అలసిపోయి బుల్లయ్య ఏడ్చాడు. ఆ పూట భార్య కలిపిపెట్టిన అన్నం తిన్నాడు.

ఇది కథగా చెప్పుకుంటే బాగానే ఉంటుంది గానీ రెబ్కా ఎప్పుడూ దీన్ని గొప్పగా చెప్పుకోలేదు. పాట మందు కాదని ఆమెకు తెలుసు. ఆ వారంలోనే ఇంకో కుర్రవాడు కూడా అలాగే పలక్కుండా ఉంటే అతనికీ వినిపించబోయింది. అతను రెండు చెవులూ మూసుకుని గోడవైపు తిరిగాడు. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఎవరి బాధకు ఏ చప్పుడు సరిపోతుందో తేల్చడానికి నేనెవర్ని అనుకుంది. ఆ తర్వాత ఎవరికీ తనంతట తాను వినిపించలేదు.

వార్డులో జరిగిన గొడవ పైకి వెళ్లింది. రోగులకు మనసు చెడగొట్టే పాటలు పెడుతోందని హెడ్ సిస్టరు రాసింది. మెమో వచ్చింది. రెబ్కా జవాబులో రెండే వాక్యాలు రాసింది. డ్యూటీలో క్యాసెట్టు పెట్టడం నా తప్పు. ఆ రోగి తిట్టడం తప్పు కాదు. దేవసహాయం ఆ రెండో వాక్యం కొట్టెయ్యమని ఒక పూటంతా చెప్పి చూశాడు. కొట్టెయ్యలేదు. నెల తిరక్కుండా కొత్తపట్నం దాపున, సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి బదిలీ చేశారు.

అక్కడికి వెళ్లాక ఆమెకు కొంత ఊపిరి ఆడింది. పురుళ్లు, వలలకు కోసుకుపోయిన చేతులు, పిల్లల టీకాలు. ఉప్పుగాలికి టేప్ రికార్డరు తుప్పుపడితే, ఆసుపత్రి స్పిరిట్టులో దూది ముంచి వారానికోసారి హెడ్డు తుడిచేది. క్యాసెట్లు మాత్రం అరిగిపోతున్నాయి. రాయవేలూరులో విన్న ఆ మొదటి పాటలో ఇప్పుడు కుర్రవాడి గొంతు కంటే సుయ్యిమనే చప్పుడే ఎక్కువ. దానికీ ఆమె అలవాటుపడింది.

2004 నాటికి రేడియోలు బాగుచేయించుకునేవాళ్లు తగ్గిపోయి, జాన్ బాషా కొట్టును సగం చేసి అందులో నెట్ సెంటరు పెట్టాడు. దాన్ని చూసుకునేది అతని భార్య జహీరున్నీసా. డిగ్రీ చదివిన మనిషి, చెయ్యి చురుకు. పేరులేని క్యాసెట్టు ఎవరిదో కనుక్కోవచ్చు కదా సిస్టరుగారూ అన్నది ఆమే. ఇలాంటి పాటల పిచ్చివాళ్లు ప్రపంచమంతా ఉన్నారని, వాళ్లంతా ఒకచోట చేరి రాసుకుంటారని వెతికి చూపించింది. రెబ్కా ఆ తెర ముందు కూర్చుని గంటసేపు చదివింది. ఎక్కడెక్కడివాళ్లో, పేరు ఊరు తెలియనివాళ్లు, డ్రమ్ములు ఎలా ఉన్నాయి, గిటారు ఎక్కడ తప్పింది అని వాదించుకుంటున్నారు. తను ఉత్తరాల్లో రాసిన మాటలే. ముప్పై ఏళ్లుగా ఈ జిల్లాలో తనొక్కతే అనుకుంటూ బతికిన మనిషికి కళ్లు చెమ్మగిల్లాయి.

రెబ్కా చెబుతుంటే జహీరున్నీసా టైపు కొట్టింది. మూడు పాటలు, ఆడ గొంతు, షిల్లాంగు నుంచి వచ్చింది, ఎవరో తెలిస్తే చెప్పండి. వినకుండా ఎలా చెబుతామని వాళ్లు అడిగారు. బాషా టేప్ రికార్డరు నుంచి కంప్యూటరుకు వైరు కలిపాడు. రెండు నిమిషాల పాట పంపడానికి ఒక మధ్యాహ్నం పట్టింది.

నెలకు పైగా ఏమీ లేదు. తర్వాత షిల్లాంగులో కాలేజీ పాఠాలు చెప్పే ఒకాయన రాశాడు. అది ఇంగ్లీషు కాదు, మా ఖాసీ భాష. మా అమ్మకు వినిపిస్తే గొంతు గుర్తుపట్టింది. ఇక్కడి మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన ఐబాన్ గారిది. గిటారు వాయించే ఆమె అన్న చనిపోతే, ఆయన స్నేహితులతో కలిసి ఆసుపత్రి ఆంబులెన్సు షెడ్డులో ఈ మూడు పాటలూ రికార్డు చేసింది. ఆ తర్వాత పాడలేదు. ఆమె ఫోన్ నంబరు ఇదిగో.

జహీరున్నీసా చదివి వినిపించి, సంబరంగా వెనక్కి తిరిగి చూసింది. రెబ్కా మొహంలో సంబరం లేదు. విని నిజం రాయి అన్న నాలుగో వాక్యం ఆమెకు ఇప్పుడు అర్థమైంది. ఐబాన్ ఎన్ని రోజులు ఎదురుచూసి ఉంటుంది? పక్క మంచం దాకా వినపడని మనిషి, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని అరిచి, ఆ అరుపును ఒక్కరికి పంపితే, ఆ ఒక్కరూ పలకలేదు.

ఆ రోజు ఫోన్ చెయ్యలేకపోయింది. ఇంటికి వెళ్లి దేవసహాయానికి చెప్పింది. ఆయన అంతవరకూ ఆమె పాట ఒక్కటి కూడా పూర్తిగా వినలేదు. ఆ పిల్లే పాడిందా, ఏదీ పెట్టు అన్నాడు. మూడూ విన్నాడు.

"ఈమె మా బస్సులో హోల్డాన్ అందంటే ముందు బస్సు కూడా ఆగుద్ది" అన్నాడు. క్యాసెట్టు తీసి డబ్బాలో పెడుతూ, "రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యి. ఇంకా ఆలస్యం చెయ్యబాక" అన్నాడు.

మర్నాడు బాషా కొట్లోంచి చేసింది. అటువైపు ఎత్తిన గొంతు గాలిలా ఉంది. నాలుగేళ్ల కింద కంఠం దగ్గర గడ్డకు ఆపరేషనయిందట. రెబ్కా తన పేరు చెప్పి, యోగక్షేమాలు అడక్కుండా, "పదహారేళ్లు ఆలస్యంగా రాస్తున్నాననుకో. బాగుంది. రెండో పాట అన్నిటికంటే బాగుంది" అంది.

నీకు నచ్చలేదేమో, మొహమాటానికి ఊరుకున్నావనుకున్నా అంది ఐబాన్. పాడడం నీవల్ల మానెయ్యలేదులే, నా పిరికితనం నాకుంది, కొండ మీద ఇంకో ఊరికి పని మారాను అని కూడా అంది. అందులో సగం తనను ఓదార్చడానికేనని రెబ్కాకు తెలుసు. మిగతా సగంతో తను బతకాలి. అమ్మ మంచం గురించి చెప్పింది. తిరిగొచ్చిన ఉత్తరం గురించి చెప్పింది. బుల్లయ్య గురించి చెప్పింది.

ఐబాన్ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతో పాటు దగ్గు.

"ఆ రెండో పాటలో మాటలేంటో తెలుసా నీకు?"

తెలియదంది రెబ్కా.

"డ్యూటీ లిస్టు. టెంపరేచరు, బెడ్ పాన్, దుప్పటి, టెంపరేచరు, బెడ్ పాన్, లేచి నిలబడు, మేడం వస్తోంది. అంతే. అన్న పోయిన వారానికే నన్ను డ్యూటీకి పిలిచారు. అన్నీ చేశాను. తర్వాత షెడ్డులోకి వెళ్లి అవే అరిచాను."

రెబ్కాకు నవ్వొచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి. ఆ రెండూ ఆపుకోలేక ఫోన్ జహీరున్నీసా చేతిలో పెట్టి బయటికొచ్చి నిలబడింది.

అప్పట్నుంచి వారానికో ఫోన్. 2006 డిసెంబరులో ఐబాన్ వచ్చింది. ఆపరేషన్ తర్వాత ముందే రిటైరయింది, పెళ్లి చేసుకోలేదు, మూడు రైళ్లు మారి ఒంగోలులో దిగింది. ప్లాట్‌ఫారం మీద ఇద్దరూ గుర్తుపట్టక ఒకర్నొకరు దాటిపోయారు. సామాను చూసి పట్టుకున్నది దేవసహాయమే. మూడు రోజులు ఇద్దరూ ఇసుకలో నడవడం, రాయవేలూరులో ఎవరెవరు ఏమయ్యారో చెప్పుకోవడం.

నాలుగో రోజు ఐబాన్ సంచీలోంచి ఒక సీడీ తీసింది. షిల్లాంగులో ముగ్గురు అమ్మాయిలు కొత్తగా పాడుతున్నారు, తను వాళ్ల ప్రతి ప్రోగ్రాముకీ వెళ్లి వెనక వరసలో కూర్చుంటోంది. ఈ దేశంలో ఇంతకంటే మంచి పాట ఇప్పుడెవరూ పాడడం లేదంది. రెబ్కా మొదటి పాట శ్రద్ధగా వింది. రెండోదీ వింది. ఈసారి నిజం చెప్పడానికి ఆలస్యం చెయ్యదల్చుకోలేదు.

నాకు నచ్చలేదు అంది. డ్రమ్ములు ఆపరేషన్ థియేటరులా ఉన్నాయి, ఒక్క మరక లేదు. మంచి మిషను మీద రికార్డు చేస్తే అది వాళ్ల తప్పా అని ఐబాన్ లేచింది. ఆ గాలి గొంతుతోనే చెయ్యి ఊపుతూ వాదించింది. గిటారు అమ్మాయి బాగుందని రెబ్కా ఒప్పుకుంది. డ్రమ్ముల అమ్మాయిని మాత్రం ఒప్పుకోలేదు.

దేవసహాయం కంచాలు పెట్టి, పులుసు చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచాడు. మూడో పాట వింటేగాని తిండి లేదని ఐబాన్ మోత పెంచింది. ఆయన చేసేది లేక, తనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.